పొగా, మంచూ, వానా



పుష్యమాసంలో ఒకనాడు తెల్లవారుజామున ఉదయగిరి నుంచి ఆత్మకూరు వైపు వస్తూ, ఒక చెరువుకట్ట మీద మోటారు సైకిలు ఆపుకొని నిలబడ్డాను. నిలబడాలని నిలబడింది కాదు, ముందు దోవ కనిపించలేదు. వెనక్కు తిరిగి చూస్తే దుర్గం కొండ కూడా లేదు. కృష్ణదేవరాయలంతటివాడు నెలల తరబడి ముట్టడి వేసి, 1514లో గాని పట్టుకోలేకపోయిన దుర్గం అది. మూడువేల అడుగుల కొండ. ఆ పొద్దు పొగమంచులో ఆనవాలు లేకుండా పోయింది.

కట్ట కింద ఒక పెద్దాయన కందికట్టె మంట వేసుకొని చలి కాచుకొంటున్నాడు. నన్ను చూసి పక్కకు జరిగి చోటు ఇచ్చాడు. రవంతసేపు ఊరుకొని ఇట్లా అడిగాడు:

"మా నాయన కాలంలో మంచు పొద్దు పొడిస్తే పారిపోయేది సారూ. ఇప్పుడు గొడ్లు మేతకు పోయినా ఇది పోవడంలా. ఇది మంచా, పొగా? ఈ పొగే మన వానల్ని కూడా మింగేసిందని మా పిల్లోళ్ళు ఫోన్లో చూసి చెప్తావుండారు. నిజమేనా?"

ఆయన అడిగింది ఒక ప్రశ్న లాగా వినిపిస్తుంది గాని, అందులో రెండున్నాయి. మంచు సంగతి ఒకటి, వాన సంగతి ఒకటి. రెంటికీ జవాబు ఒకటే అనుకొంటే పొరపాటు పడతాం. ఆనాడు మంట దగ్గర నిలబడి నేను చెప్పిన జవాబు సగం సగంగా ఉన్నది. ఈనాడు తీరిగ్గా చెప్పాలని పూనుకొన్నాను. అందుకు కొంత వెనుకటి చరిత్ర తిరగవేయవలసి ఉన్నది.

ముందు వాన గురించి ఒక్క మాట. మన పడమటి సీమకు కరువు కొత్తగా వచ్చిన చుట్టం కాదు. నైరుతి పవనాలు పడమటి కనుమల మీదనే తమ నీరు చాలావరకు దించుకొని, రాయలసీమ దాటి, వెలిగొండలెక్కి మన దగ్గరకు వచ్చేసరికి చేతులు ఖాళీ. ఈశాన్య పవనాలు బంగాళాఖాతం మీదనుంచి వచ్చి మొదట సముద్రతీరాన్ని తడుపుతాయి. నెల్లూరు, కోవూరు వాళ్ళు తడిసిన తరువాత మిగిలింది మనకు. అక్టోబరు, నవంబరు నెలల్లో రెండు వాయుగుండాలు సరిగ్గా వస్తే ఆ ఏడు గట్టెక్కినట్టు, రాకపోతే బోరుబావుల పాలు. ఇది కొండల అమరిక వల్లా, గాలి దోవ వల్లా వచ్చిన తీరు.

1876 మొదలు 1878 వరకు దక్షిణ దేశమంతా దహించిన ధాతు కరువు మన నెల్లూరు జిల్లాను కూడా వదలలేదు. ఆనాడు కృష్ణపట్నంలో విద్యుత్ కేంద్రం లేదు, రోడ్ల మీద లారీ లేదు, వరికోత యంత్రమూ లేదు. ఆ కరువుకు మూలం ఎక్కడో పసిఫిక్ మహాసముద్రం మీద నీరు వేడెక్కడంలో ఉన్నదని ఈనాటి శాస్త్రం చెబుతున్నది. ఎల్‌నినో అని మీరు వాతావరణ వార్తల్లో వింటున్నారే, అదే. కాబట్టి వాన రాని ప్రతి ఏడూ పొగ మీద నేరం మోపడం న్యాయం కాదు.

అట్లాగని పొగను నిర్దోషి అని వదిలేద్దామా అంటే, అదీ కాదు.

ఆ కరువు తీరిన అయిదేళ్ళకు ఒక విడ్డూరం జరిగింది. 1883 ఆగస్టు 26, 27 తేదీల్లో జావా, సుమత్రా దీవుల నడుమ క్రకటోవా అనే అగ్నిపర్వతం బద్దలయింది. దాని బూడిదా, గంధకపు పొగా మేఘాలను దాటి చాలా ఎత్తుకు పోయి, గాలితో పాటు భూమి చుట్టూ తిరగసాగాయి. సెప్టెంబరు రెండోవారంలో మద్రాసులో జనం తలెత్తి చూస్తే సూర్యుడు పచ్చగా ఉన్నాడు. పసుపుపచ్చ కాదు, ఆకుపచ్చ. ఆ సెప్టెంబరులో ఒంగోలులో కూడా ఇట్లాగే కనిపించింది. ఒంగోలు అప్పటికి మన నెల్లూరు జిల్లాలోనిదే, గుంటూరు జిల్లా ఏర్పడిన 1904 దాకా మన తాలూకాయే. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో పనిచేసిన మిచీ స్మిత్ అనే ఆచార్యుడు ఆ పచ్చ సూర్యుడి వెలుగును గాజుపట్టకం గల పరికరంతో విడదీసి చూసి, శాస్త్రజ్ఞుల సభకు వ్యాసం రాసి పంపాడు. ఉదయగిరి, ఆత్మకూరు వాళ్ళు కూడా ఆ రోజుల్లో తలెత్తి చూసే ఉంటారు. ఏ ఉపద్రవం రాబోతున్నదో అని హడలిపోయి ఉంటారు.

అది మనిషి చేసిన పొగ కాదు. కాని దానివల్ల ఒక సంగతి లోకానికంతా తేటతెల్లమయింది. కంటికి కనిపించనంత సన్నని నలుసులు గాలిలో చేరితే, వేల మైళ్ళ దూరంలో ఉన్న ఊళ్ళో ఎండ రంగు మారుతుంది, బలం తగ్గుతుంది. ఇంతకు ముందే 1815లో తంబోరా అనే మరో అగ్నిపర్వతం పేలినప్పుడు, మరుసటి ఏడు యూరపులో వేసవి సరిగ్గా రాక పైర్లు చెడిపోయాయి. కారణం అప్పట్లో ఎవరికీ అంతుపట్టలేదు.

ఇక మంచు సంగతికి వస్తాను. జాన్ ఐట్కెన్ అనే స్కాట్లండు దేశస్థుడు 1880 ప్రాంతంలో ఒక చిన్న ప్రయోగం చేశాడు. రెండు పెద్ద గాజుపాత్రలు తీసుకొన్నాడు. ఒకదానిలో మామూలు గాలి. రెండోదానిలో దూది గుండా వడగట్టిన గాలి, అంటే దుమ్మూ ధూళీ లేని గాలి. రెంటిలోకీ ఆవిరి వదిలాడు. మొదటి పాత్ర తెల్లగా మంచుతో నిండిపోయింది. రెండోది అద్దంలాగా నిర్మలంగానే ఉండిపోయింది. నీటి ఆవిరి దానంతట అది చుక్క కట్టదు, పట్టుకొని కూర్చోవడానికి దానికి ఒక నలుసు కావాలి. నలుసు లేనిదే మంచు లేదు, మేఘమూ లేదు. మన పూర్వులు మేఘం పుట్టుకలో నీటికీ గాలికీ తోడు పొగకు కూడా ఒక వాటా ఇచ్చారు. ఎట్లా తెలుసుకొన్నారో గాని, ఆ మాట వృథా పోలేదు.

ఇది మీరు ఇంట్లోనే చూడవచ్చు. పొలంబడిలో నేను రెండుమూడు ఊళ్ళలో చేసి చూపించాను. వెడల్పు మూతిగల గాజుసీసాలో రెండంగుళాల మేర వేడినీళ్ళు పోయండి. మూతి మీద ఐసుముక్కలు పెట్టిన గిన్నె ఉంచండి. లోపల పెద్దగా ఏమీ కనిపించదు. ఇప్పుడు గిన్నె ఎత్తి, ఆర్పిన అగరవత్తి పొగ కాస్త లోపలికి పోనిచ్చి, మళ్ళీ గిన్నె పెట్టండి. సీసాలో మేఘం సుడులు తిరుగుతుంది. పిల్లలు మళ్ళీ మళ్ళీ చెయ్యమంటారు. పెద్దవాళ్ళు మాత్రం ఒక్కసారి చూసి ఊరుకొంటారు. వాళ్ళ కళ్ళు సీసా వదిలి ఊరవతల బొగ్గులబట్టీ వైపు పోతాయి.

ఎందుకంటే మన సీమలో ఆ నలుసులకు కొదవ లేదు. సర్కారు తుమ్మ కొట్టి కాల్చే బొగ్గుల బట్టీలు ఉన్నాయి. కోత యంత్రం వదిలిన వరి మోళ్ళకూ గడ్డికీ పెట్టే నిప్పు ఉన్నది. వేసవిలో వెలిగొండల మీద బోద తగలబడటం ఉన్నది. కంకర మిషన్ల దుమ్ము ఉన్నది. అన్నిటికంటె ముఖ్యంగా, సంక్రాంతి ముందునుంచీ చైత్రం దాకా పొగాకు బ్యారన్లు ఉన్నాయి. కలిగిరి, మర్రిపాడు చుట్టుపట్ల తేలిక నేలల్లో వర్జీనియా పొగాకు వేసేవారికి ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు. ఒక బ్యారన్ ఆకు క్యూరింగు కావడానికి అయిదారు రోజులు పడుతుంది. ఆ అయిదారు రోజులూ రాత్రనక పగలనక పొయ్యి ఆరగూడదు. ఒక పంటకాలంలో ఒక్కో బ్యారన్ ఎన్నిసార్లు నింపుతారో, ఊరికి ఎన్ని బ్యారన్లో లెక్క వేసుకోండి.

అయితే పొగ పగలూ ఉన్నది, రాత్రీ ఉన్నది. మరి తెల్లవారుజామునే ఎందుకు నేలను పట్టుకొని ఉంటుంది? ఇక్కడ ఒక కీలకం ఉన్నది.

మామూలుగా నేల దగ్గర గాలి వెచ్చన, పైకి పోయినకొద్దీ చల్లన. వెచ్చని గాలి తేలిక గనుక పైకి లేస్తుంది, పొగను కూడా మోసుకొని పోతుంది. చలికాలపు రాత్రి, మబ్బు లేకుండా గాలి స్తంభించినప్పుడు ఈ వరస తలకిందులవుతుంది. నేల తన వేడిని ఆకాశంలోకి వదిలి గబగబా చల్లబడుతుంది. నేలకు తగిలిన గాలి కూడా చల్లబడి, బరువెక్కి, పల్లంలోకి జారి కూర్చుంటుంది. దానికి పైన కాస్త వెచ్చని గాలి పొర మిగిలిపోతుంది. ఆ వెచ్చని పొర కుండ మీద మూత లాంటిది. కింద మనం వదిలిన పొగ ఆ మూతను తోసుకొని పోలేదు. ఉదయగిరి చుట్టూ కొండలు ఉండటం వల్ల కుండకు గోడలు కూడా ఉన్నట్టే. పొద్దుగూకినప్పటినుంచి పోగైన పొగంతా పల్లంలో నిలవ ఉంటుంది. తెల్లవారగట్ల తేమ ఆ నలుసులను పట్టుకొని మంచు కడుతుంది. నలుసులు ఎన్ని ఎక్కువైతే చుక్కలు అన్ని ఎక్కువ, అన్ని చిన్నవి. చిన్న చుక్కలు త్వరగా రాలిపోవు. తెల్లటి తెరలా నిలబడి ఎండను నేల మీద పడనివ్వవు. ఎండ నేలను తాకనిదే నేల వేడెక్కదు, నేల వేడెక్కనిదే మూత లేవదు. ఆ పెద్దాయన గొడ్లు మేతకు పోయిన తరువాత కూడా మంచు పోవడం లేదంటే సంగతి ఇది.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. పెన్న మీద సోమశిల జలాశయం వచ్చిన తరువాత ఆత్మకూరు, అనంతసాగరం వైపు చలికాలంలో తడిగా ఉండే పొలాలు పెరిగాయి. గాలిలోకి ఎక్కే తేమ కూడా పెరుగుతుంది. తేమ సోమశిలది, నలుసు మనది. రెండూ కలిస్తేనే ఆ తెర.

మన పక్కనే ఉన్న మద్రాసు మహానగరం, అదే చెన్నై, ఈ పాఠం ఒక్కరోజులో నేర్చుకొన్నది. 2018 జనవరి 13న అక్కడ భోగి. తెల్లవారుజామున ఇంటింటా పాత చాపలూ, గుడ్డలూ, కొందరైతే టైర్లూ తగలబెట్టారు. సరిగ్గా మూత బిగిసి ఉండే వేళ అది. పొగా మంచూ కలిసి విమానాశ్రయంలో దారి కనబడక విమానాలు కొన్ని వేరే ఊళ్ళకు మళ్ళాయి, కొన్ని నిలిచిపోయాయి. ఆకాశంలో ఎగిరే యంత్రాన్ని నేల మీది చాపల మంట ఆపింది! అంతకు ముందు 1952 డిసెంబరు 5 మొదలు 9 వరకు లండను నగరంలో ఇదే మూత అయిదు రోజులు లేవలేదు. ఇళ్ళ పొయ్యిల బొగ్గుపొగ, విద్యుత్ కేంద్రాల పొగ అంతా కిందనే పోగయింది. వేలమంది జనం ప్రాణాలు పోయాయి. మనబోటి వాళ్ళకు మనసు చివుక్కుమనే మాట ఏమిటంటే, ఆ వారం అక్కడ జరుగుతున్న పశు ప్రదర్శనకు బహుమతుల కోసం తెచ్చిన మంచి మంచి పశువులు ఊపిరాడక పడిపోయాయి. నాలుగేళ్ళకు, 1956లో, ఇంగ్లండులో గాలి శుభ్రత చట్టం వచ్చింది.

లండను మాట ఎందుకులే, నా మాట చెబుతాను. డిప్లొమా ముగించి ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో ఒక మామిడితోట రైతు నన్ను అడిగాడు, పూత మీద మంచు పడుతున్నది, తోటలో పొగ పెట్టమంటారా అని. పెద్దల నాటినుంచీ ఉన్న అలవాటే గదా అని, పెట్టండి అన్నాను. పచ్చిచెత్త కుప్పలు వేసి పొద్దుగూకే వేళ నిప్పు పెట్టాడు. మరునాడు నేను పోయి చూస్తే తోటంతా పొగమంచు ముసుగు. బయట పొలాల్లో తెర విడిచినా తోటలో విడవలేదు. తొమ్మిదింటికి కూడా పూగెలు తడిగానే ఉన్నాయి. ఆ ఏడు ఆయన తోటలో బూడిద తెగులు ఎక్కువగా వచ్చింది. అంతా ఆ పొగ వల్లనే అని ప్రమాణం చెయ్యలేను గాని, తడి ఆరకుండా నేను కూడా ఒక చెయ్యి వేసిన మాట నిజం. ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. అందుకే మరిచిపోలేకపోతున్నాను.

ఆకు మీద తడి ఎన్ని గంటలు నిలిచిందన్నది తెగుళ్ళ విషయంలో చాలా పెద్ద లెక్క. వరిలో అగ్గితెగులు మన నెల్లూరు జిల్లాకు పాతశత్రువు. చల్లటి రాత్రి, పొద్దెక్కేదాకా ఆరని మంచు, ఈ రెండూ దానికి పండుగ. నెల్లూరు పరిశోధన స్థానం వారు అగ్గితెగులును తట్టుకొనే నెల్లూరు మసూరి వంటి రకాలు ఇచ్చింది ఊరకనే కాదు. వేరుశనగలో తిక్క ఆకుమచ్చ, మిరపలో ఆకుమచ్చలు, వీటికి కూడా తడి ఆకే కావాలి. మందు కొట్టేవారు తెల్లవారి తడి ఆకు మీద కొడితే సగం మందు జారి నేలపాలు. మంచు ఆలస్యంగా విడిచే రోజుల్లో మందు కొట్టే వేళ కూడా జరుపుకోక తప్పదు.

మంచు విడిచిన తరువాత కూడా నలుసుల పని అయిపోదు. పగలు కొండలు నీలంగా, మసకగా కనిపిస్తాయే, ఆ మసక సూర్యుడి వెలుగులో కొంత వెనక్కి తిప్పికొడుతుంది, నల్లని మసి కొంత తానే మింగుతుంది. పుణె శాస్త్రజ్ఞులు 1981 నుంచి 2004 దాకా మన దేశంలో పలుచోట్ల కొలిచిన ఎండ లెక్కలు చూసి, నేలకు చేరే ఎండ ఆ కాలమంతా తగ్గుతూ వచ్చిందని 2007లో ప్రకటించారు. ధాన్యం ఆరబెట్టుకొనేవారికీ, ఒరుగులు పెట్టుకొనే ఆడవాళ్ళకూ ఈ తేడా తెలియకుండా ఉండదు.

ఈ మసకంతా మన ఊరిదేనా అంటే, కాదు. 1999 జనవరి నుంచి మార్చి దాకా అనేక దేశాల శాస్త్రజ్ఞులు హిందూ మహాసముద్రం మీద ఒక పెద్ద పరిశీలన జరిపారు. మద్రాసులో పుట్టిన వీరభద్రన్ రామనాథన్, పాల్ క్రుట్జెన్ అనే మరో శాస్త్రజ్ఞుడితో కలిసి దానికి నాయకత్వం వహించాడు. విమానాలు, ఓడలు, మన దేశపు సాగరకన్య నౌక, మాల్దీవుల్లో ఒక పరిశీలన కేంద్రం, అన్నీ పనిచేశాయి. చలికాలంలో ఉత్తరాది మైదానాల పొయ్యిల పొగ, పొలాల పొగ, కర్మాగారాల పొగ ఈశాన్యపు గాలితో బంగాళాఖాతం మీదికీ, సముద్రాల మీదికీ వచ్చి, నేలనుంచి మూడు కిలోమీటర్ల ఎత్తు దాకా గోధుమరంగు పొరగా పరుచుకొంటున్నదని తేలింది. పొర దట్టంగా ఉన్నచోట సముద్రానికి చేరే ఎండ పదోవంతు దాకా తగ్గింది. మనకు వాన తెచ్చే గాలి దోవే ఇది కూడా. చలికాలంలో గంగ ఒడ్డున కాల్చినదానిలో ఒక పిసరు మన దుర్గం మీద కూడా వాలుతున్నదన్నమాట. మనకు దక్షిణాన, తిరుపతి దగ్గర గాదంకిలో ఉన్న జాతీయ పరిశోధనశాలలో 1998 నుంచి ఆకాశంలోకి లేసరు వెలుగు పంపి, ఏ ఎత్తున ఎంత నలుసు ఉన్నదో చూస్తున్నారు. ఇక మన జిల్లాలోనే తీరాన కృష్ణపట్నం వద్ద 2015 నుంచి నడుస్తున్న బొగ్గు విద్యుత్ కేంద్రం ఉన్నది. ఉదయగిరికి అది వంద కిలోమీటర్లకు పైబడిన దూరం. పొడుగు గొట్టాల పొగ దగ్గర ఊళ్ళను దాటి దూరం పోతుంది, గంధకపు ఆవిరి దోవలో తెల్లని నలుసుగా మారుతుంది. దూరంగా ఉన్నామని ధీమా పడనక్కరలేదు, కళ్ళ ముందున్న బట్టీని వదిలి దాన్ని ఒక్కదాన్నే తిట్టనూ అక్కరలేదు.

ఇప్పుడు పెద్దాయన రెండో ప్రశ్న. పొగ వానను మింగుతుందా?

నలుగురికి కాచిన పాయసం నలభైమంది బంతికి వడ్డించవలసి వస్తే ఏమవుతుంది? తలా ఒక చెంచాడు. ఎవరి కడుపూ నిండదు. మేఘంలో నీరు పాయసం అనుకోండి, నలుసులు అతిథులు. నలుసులు మితంగా ఉంటే చుక్కలు పెద్దవై, ఒకదానినొకటి కలుపుకొని, బరువెక్కి కిందికి రాలుతాయి. అదే వాన. నలుసులు లెక్కకు మించితే అన్నీ చిన్న చుక్కలే. గాలిలో తేలుతూ ఉంటాయి గాని రాలవు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థవారు 2009లో దేశంలో పలుచోట్లనుంచి విమానాలు నడిపారు, మన హైదరాబాదునుంచి కూడా. మేఘాల లోపలికే దూరి చుక్కల పరిమాణం కొలిచారు. పొగ తగిలిన మేఘం చినుకు కట్టాలంటే శుభ్రమైన మేఘం కంటె ఎక్కువ ఎత్తు ఎదగాలని తేలింది. ఎదగలేని పొట్టి మేఘం ఊరించి పోతుంది. ఎదిగినది మాత్రం, ఆలస్యంగా, ఒక్కసారిగా కుమ్మరించవచ్చు.

ఇక్కడ ఒక రైతు నన్ను నిలదీశాడు. "2003లో రాయలసీమలో మేఘమథనం అని విమానాలతో ఏదో చల్లారే, అదీ నలుసే గదా. ఆ నలుసు వాన తెస్తుంది, మా పొగ నలుసు వాన ఆపుతుందా? సర్కారు నలుసుకో న్యాయం, మా నలుసుకో న్యాయమా?" అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ ప్రశ్న ఎంతో నచ్చింది. జవాబు ఆ పాయసం బంతిలోనే ఉన్నది. మేఘమథనంలో వేసేది ఎంచి వేసే నలుసు. ఉప్పుజాతి నలుసైతే పెద్దది, నీటిని ఆశగా లాక్కొనేది. చల్లని మేఘానికైతే మంచుపలుకు కట్టించే వెండి లవణం. పదిమందిలో ఒక భీముణ్ణి కూర్చోబెట్టినట్టు. పొగలో వచ్చేది కోట్లకొద్దీ బక్కనలుసు. పైగా మేఘమే లేని ఆకాశంలో ఏ మథనమూ వాన పుట్టించలేదు.

ఈ లెక్క పెద్ద ఎత్తున కూడా పనిచేస్తుందని 2011లో కొందరు శాస్త్రజ్ఞులు చూపారు. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో ఉత్తర, మధ్య భారతంలో నైరుతి వానలు తగ్గడానికి ఈ మసకే ముఖ్య కారణమని వారి నిర్ణయం. ఎండ తగ్గితే సముద్రంనుంచి లేచే ఆవిరి తగ్గుతుంది, నేలకూ సముద్రానికీ నడుమ వేడి తేడా తగ్గి గాలి లాగుడు మందగిస్తుంది. అయితే గమనించండి, వారు చెప్పింది నైరుతి గురించి. మన బతుకు ఈశాన్యం మీద, వాయుగుండాల మీద. 2021 నవంబరులో పెన్న పొంగి సోమశిల గేట్లు ఎత్తిన రోజులు మీకు గుర్తున్నాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను మన తీరం వెంట పోతూ ముంచెత్తింది. ఆ ఏళ్ళలో బ్యారన్లు ఆరిపోయి లేవు, బట్టీలు చల్లారి లేవు. తుఫాను ముందు మన ఊరి పొగ ఏపాటి? పొట్టి మబ్బు రాల్చవలసిన నాలుగు చినుకులను మన పొగ ఆపగలదేమో గాని, పడమటి నెల్లూరు కరువును పుట్టించింది అది కాదు.

అందుకని ఆ పెద్దాయనకు నా జవాబు ఇది: నీ మంచు సంగతిలో పిల్లలు చెప్పింది చాలావరకు నిజం, నీ వాన సంగతిలో చాలావరకు కాదు. మంచు విషయం మన చేతిలో కొంత ఉన్నది. గడ్డి, మోళ్ళు కాల్చకుండా రోటవేటరుతో కలియదున్నితే నేలకు బలం, గడ్డి పశువులకు మేత. తప్పనిసరై చెత్త కాల్చవలసివస్తే పొద్దుగూకి కాదు, తెల్లవారి కాదు, మధ్యాహ్నం పన్నెండు మూడు గంటల నడుమ. అప్పుడు మూత ఉండదు, పొగ పైకి పోయి చెదిరిపోతుంది. బ్యారన్ల వారికి ఈ మాట చెల్లదని నాకు తెలుసు, వారి పొయ్యి ఆరగూడదు. వారు చూసుకోవలసింది కట్టె. పచ్చికట్టె వేస్తే పొగ ఎక్కువ, వేడి తక్కువ. ముందు ఏడే కొట్టి ఎండబెట్టిన కట్టె, సందులు లేని గోడ, పైకప్పు మీద వేడి పోకుండా గడ్డి కప్పు, ఇవి ఉంటే కట్టె ఖర్చు కూడా కలిసివస్తుంది. పొగ తగ్గించమని చెబితే ఎవరూ వినరు గాని, కట్టె ఖర్చు తగ్గుతుందంటే వింటారు. విస్తరణ సిబ్బంది కూడా అటునుంచే నరుక్కురావాలి.

ఈ జవాబంతా ఆయనకు చెప్పడానికి ఆ ఊరికి మళ్ళీ పోయాను. అరుగు మీద కూర్చొని విన్నాడు. తరువాత లోపలికి పోయి మనవడి నోటుపుస్తకం పట్టుకొచ్చాడు. నేను మొదటిసారి కలిసిన మరునాటినుంచీ ఆయన చెబుతుంటే మనవడు రాస్తున్నాడట: ఫలానా తేదీ, మంచు ఎన్నింటికి విడిచింది, ముందురోజు సాయంత్రం ఊళ్ళో ఎక్కడ పొగ లేచింది. ఇరవై ఒక్క రోజులు ఉన్నాయి. కొన్ని రోజుల పక్కన "బట్టీ" అనీ, కొన్నిటి పక్కన "గాలి తోలింది, మంచు లేదు" అనీ ఉన్నది. భోగి నాటి పక్కన మాత్రం ఖాళీ.

"ఇదేంది పెద్దాయనా, భోగి నాడు రాయలేదే?" అన్నాను.

"ఆ పొద్దు నేనే మంట వేసినా సారూ," అన్నాడు. "తొమ్మిదిన్నరకు విడిచింది. రాయమన్నా, వీడు తాత పేరు రాయనంటాడు."